చిలకమ్మ తోమిన డేగ

నాకు కోపం ఎక్కువని విశాఖపట్నం వన్ టౌన్‌లో అందరికీ తెలుసు. తెలిసీ వస్తారు, రాక చస్తారా? ఇత్తడి మీద అక్షరం చెక్కాలంటే కురుపాం మార్కెట్ నుంచి హార్బరు గేటు దాకా ఈ వీర్రాజు తర్వాతే ఎవరైనా. ఓడల్లో గదుల తలుపులకు పేరుపలకలు, డాక్టర్ల గుమ్మాలకు బోర్డులు, గుడిగంటల మీద దాతల పేర్లు, అన్నీ నా ఉలి కింద నుంచి పోయినవే. మా నాన్న కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ కొట్టు పెట్టాడు. ఆయన పోతూ పోతూ నాకు ఉలులతో పాటు కోపం కూడా ఇచ్చి పోయాడు. ఉలులు అరిగాయి గానీ అది అరగలేదు.

ఎనభై మూడు సెప్టెంబరులో, వాన పడి వెలిసిన ఒక పొద్దున, పోర్టు వర్క్‌షాపు ఫోర్‌మన్ శ్రీరామ్మూర్తి నా కొట్టు మెట్లెక్కాడు. మనిషిని ముఖపరిచయంగా ఎరుగుదును. యాభై దాటిన వయసు, ఎలమంచిలి వైపు రైతు కుటుంబం, ఇస్త్రీ చెదరని ఖాకీ బట్టలు. చంకలో తువ్వాలు మూట ఉంది. దాన్ని పసిబిడ్డను దించినట్టు నా బల్ల మీద దించి విప్పాడు.

"బావా, ఈటిని బాగు సెయ్యాల," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఈ ఊళ్ళో పెరిగి పెద్దవాడినయినా, కనబడ్డ ప్రతివాడూ బావా అంటుంటే నాకు ఇప్పటికీ చిర్రెత్తుకొస్తుంది.

"మనకి చుట్టరికం ఎప్పుడు కలిసిందండీ?"

"ఇప్పుడే కలిసింది. బండి నాది, పని నీది," అన్నాడు తాపీగా.

మూటలో రెండు బేడ్జీలున్నాయి. మోటారు సైకిలు పెట్రోలు ట్యాంకుకి అటొకటి ఇటొకటి బిగించేవి. అరచేతి వెడల్పున గుండ్రటి బిళ్ళ, దానికి గాజులా మెరిసే ఎర్ర మీనా పూత, పైన ఇత్తడితో పోత పోసిన బొమ్మ. బొమ్మ నున్నగా, గుండులా ఉంది. వెలుతురుకి ఎత్తి అటూ ఇటూ తిప్పాను.

"ఇదేం చేపండీ?" అన్నాను.

ఆ మాటకు మనిషి ముఖం మాడిపోయింది. స్టూలు లాక్కుని కూలబడ్డాడు. "నువ్వు కూడా అలగే అన్నావా బావా! సేప కాదది, డేగ. కెస్ట్రల్ అని ఇంగ్లండు బండి. నా పెళ్ళయిన ఏడు, యాభై మూడులో కొన్నాను. కంపెనీ ఎప్పుడో మూసీసినారు. ఈ బేడ్జీల కోసం మదరాసు రాసినాను, కలకత్తా రాసినాను. ఎక్కడా లేవంట."

"మరి ఇలా ఎలా అయింది?"

"సముద్రం గాలి, రోడ్డు దుమ్ము..."

"మూర్తిగారూ," అన్నాను, "ముప్పై ఏళ్ళుగా ఇత్తడితో కాపురం చేస్తున్నవాడిని. సముద్రం గాలికి ఇత్తడి పచ్చబడుతుంది, గుంటలు పడుతుంది. ఇలా వెన్నపూసలా కరగదు. నిజం చెబితే పని చేస్తాను. లేదంటే మూట కట్టుకోండి."

అప్పుడు చెప్పాడాయన. జనవరిలో బీచ్ రోడ్డు మీద పాత బళ్ళ ప్రదర్శన పెట్టారట. ఈయన కడిగి తుడిచి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బండిని వరసలో నిలబెట్టాడు. ఎవరో పెద్దమనిషి కళ్ళద్దాలు సవరించుకుని వంగి చూసి, "ఈ చేపేంటండీ, హార్బరు బండా?" అన్నాడట. చుట్టూ ఉన్న జనం పకపకా నవ్వారట. వర్క్‌షాపులో తన కింద పనిచేసేవాళ్ళు కూడా ఆ జనంలో ఉన్నారట.

"ఇంటికెల్లి మా చిలకమ్మని తిట్టీసినాను."

"మీ ఆవిడేం చేసింది మధ్యలో?"

"డేగని సేప సేసినాది ఆవిడే కదేటి! శుక్రవారం వొచ్చిందంటే సాలు, దేవుడి కుందులు తోమీసి, అదే సేత్తోటి సింతపండట్టుకుని బండి కాడ కూకుంటాది. ముప్పై ఏళ్ళు తోమినాది బావా! మెరుత్తంది కదా అని నాను మురిసిపోయినాను గానీ, అరిగిపోతంది అని సూసుకోలేదు."

"ఏమని తిట్టారు?"

ఆయన గొంతు తగ్గించాడు. "నీ సేతులు పడిపోనూ, అన్నాను. వీధంతా ఇన్నాది."

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఈయన జారిన చోటు అలాంటిదే. ఆ తర్వాత వచ్చిన శుక్రవారం నుంచి చిలకమ్మ ఇంట్లో ఇత్తడి ముట్టుకోలేదు. అలిగి పుట్టింటికి పోలేదు, మాట్లాడడం మానలేదు, కూరలో ఉప్పు తప్పలేదు. ఇత్తడి మాత్రం ముట్టదు. ఎందుకు తోమవే అంటే, "పడిపోయిన సేతుల్తోటి ఏటి తోమతానండీ" అని నవ్వుతుందట. ఎనిమిది నెలలయింది. దేవుడి దగ్గర కుందులు నల్లగా బొగ్గుల్లా ఉన్నాయట.

"తప్పయిందని చెప్పకపోయారా?"

"ఎన్నిసార్లని సెప్పమంటావు? 'ఓలమ్మ, తప్పు మీదేటండీ, బండి పాడు సేసినదాన్ని నానే కదా' అంటాది. అదే నన్ను సంపుతంది బావా. డేగ మళ్ళీ డేగయిపోయిందనుకో, అప్పుడు ఆవిడ పాడు సేసినదేటీ లేనట్టే కదా. ఆయుధపూజ నాటికి ఇచ్చీ. పైన గట్టిగా వార్నిష్ కూడా కొట్టీ. మళ్ళీ సింతపండుతోటి పని పడకూడదు."

ఫోర్‌మన్ బుర్ర అంతే. ఏ మర పాడైందో చూసి, అది మార్చి, బండి కదలాలనుకుంటుంది. నేనూ అదే జాతి కాబట్టి నాకు ఆ లెక్క సబబుగానే తోచింది. పైగా, "ఇంగ్లీషు బండిని మంచినీళ్ళ బిందెలా తోమిందా మహాతల్లి!" అని పెద్దగా నవ్వాను కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నాకు సిగ్గేస్తుంది.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పోతూ బేడ్జీలు జేబులో వేసుకున్నాను. తిన్నాక, కిటికీ దగ్గర కూర్చుని భూతద్దం పెట్టి చూశాను. పది నిమిషాలు చూశాను. చూసిన కొద్దీ నా నవ్వు ఎటు పోయిందో నాకే తెలియలేదు.

అరిగిన ఇత్తడిని నేను వేలల్లో చూశాను. తలుపు గడియలు చేతులు తగిలే చోట అరుగుతాయి. గుడి గడపలు పాదాలు పడే చోట అరుగుతాయి. పనిమనుషులు తోమిన గిన్నెల మీద గీతలు అడ్డదిడ్డంగా ఉంటాయి. దీని మీద ఒక్క అడ్డగీత లేదు. అరుగుదల అంతా ఒకే దారిలో, డేగ భుజం దగ్గర మొదలై రెక్క చివరికి పారుతోంది. అంటే తోమిన మనిషి ఈక ఎటు పోతే అటు చెయ్యి పోనిచ్చింది. వారానికొకసారి, ముప్పై ఏళ్ళ పాటు, ఒక్కసారి కూడా విసుగొచ్చి అడ్డంగా రుద్దలేదు. ఇత్తడి చుట్టూ ఉన్న ఎర్ర మీనా అంచు ఎక్కడా పెచ్చు లేవలేదు, రంగు వెలిసిపోలేదు. అక్కడికి వచ్చేసరికి చెయ్యి ఆపుకుంది. డేగ కన్ను ఆవగింజంత గుంట. అది ఇంగ్లండులో చెక్కిన నాటి పదునుతో అలాగే ఉంది. అందులో మురికి చేరకుండా ఏ పుల్లమొనతోనో తీసింది తప్ప, గుడ్డతో రుద్దలేదు.

"ఏమే మంగాయమ్మా," అని మా ఆవిడను పిలిచాను. "ఇది చూడు. దీన్ని పాడు చేయడం అంటారా? ఇంత ఒద్దికగల చెయ్యి నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళలో ఒక్కడికీ లేదు. నాకూ లేదు."

మా ఆవిడ భూతద్దంలోంచి చూడలేదు, నన్ను చూసింది. "ముప్పై ఏళ్ళ నుంచి మీ కంచం తోముతున్నాను. దాన్ని ఒక్కసారైనా భూతద్దం పెట్టి చూశారా?" అని పళ్ళెం తీసుకుని లోపలికి పోయింది.

పని మొదలుపెట్టాలంటే ముందు ఆ రెక్కలకు ఎన్ని ఈకలో తెలియాలి. అదృష్టం కొద్దీ ఎడమ బేడ్జీలో రెక్క చివర మూడు ఈకలు, వాటి మధ్య గాడులతో సహా మిగిలాయి. కుడిదానికి అదీ లేదు. అదెందుకో, ట్యాంకు వంపు ఎంతో చూద్దామని ఆదివారం కంచరపాలెంలో మూర్తిగారింటికి వెళ్ళాను. ఆయన బజారుకి పోయాడు. చిలకమ్మే తలుపు తీసింది. సన్నటి మనిషి, నుదుట రూపాయంత బొట్టు.

"వీర్రాజన్నయ్యా? రండి. ఆయన సెప్పినారు." భర్త నన్ను బావా అన్నాడు కాబట్టి ఆవిడ వరసకు నేను అన్నయ్యనైపోయాను. ఈసారి నాకు చిర్రెత్తలేదు.

బండి వరండాలో ఎడమ పక్క గోడకు ఆనుకుని ఉంది. గోడకీ, ఆ రెక్క చివర ఉండే చోటుకీ మధ్య చెయ్యి దూరదు. మూడు ఈకలు ఎలా బతికాయో తెలిసిపోయింది. ట్యాంకు నల్లగా నిగనిగలాడుతోంది. దాని పక్క పట్టీలు మాసిపోయాయి, హెడ్‌లైటు చుట్టు తుప్పు పట్టింది. బేడ్జీలు లేని చోట రెండు బోసి మచ్చలు. లోపల దేవుడి గూట్లో కుందులు చూశాను. ఆయన చెప్పినదానికంటే నల్లగా ఉన్నాయి. పక్కన మట్టి ప్రమిదలో దీపం వెలుగుతోంది.

"చెల్లెమ్మా, ఈ డేగను దేంతో తోమేవారు?" అని అడిగాను.

ఆవిడ ముఖం బిగుసుకుంది. "మీరు కూడా తిట్టడానికొచ్చినారా అన్నయ్యా?"

"తిట్టడానికి కాదమ్మా. ఇంత పని ఎలా చేశారో తెలుసుకుందామని వచ్చాను. నా మీద ఒట్టు."

నమ్మిందో లేదో గానీ చెప్పింది. నానబెట్టిన చింతపండు, చిటికెడు ఉప్పు, జల్లించిన ఊకబూడిద, ఆయన పాత పంచె గుడ్డ. పీచు ముట్టించదట. కంటికి వేపపుల్ల. చెబుతూ చెబుతూ చేతులు గాల్లోకి లేచాయి. లేచిన చేతుల్ని చూసుకుని, వెంటనే కొంగు కింద దాచేసుకుంది.

"దేవుడి సామానుతో సమానంగా బండిని ఎందుకు తోమారమ్మా?"

"మరేటన్నయ్యా? పెళ్ళయిన కొత్తలో ఈ ఊళ్ళో నాకు ఎవరున్నారు? తుఫానొచ్చినా, గాలొచ్చినా ఆయన పోర్టుకెల్లకుండా ఉండలేరు. క్రేను కింద పనంటే ఎవులు ఇంటికొత్తారో, ఎవులు రారో తెలీదు. సాయంత్రం వీధి మొదట్లో ఈ బండి సప్పుడు ఇంటేనే నాకు పేనం నెమ్మది. ఆయన్ని రోజూ ఇంటికి తెచ్చేది ఇదే కదా. దేవుడికి తోమిన సేత్తోటి దీనికీ తోమినాను. అరిగిపోద్దని నాకేటి తెలుసు?"

అలాంటి మాట విన్నాక నోరు మూసుకోవాలని నాకు ఎవరూ నేర్పలేదు. ఆవిడకు సంతోషం కలిగిద్దామని, "ఇక ఆ బెంగ లేదు చెల్లెమ్మా," అన్నాను. "పైన మూడు పూతలు వార్నిష్ కొట్టేస్తాను. ఇక మీదట మీకు ఆ చాకిరీ ఉండదు."

చిలకమ్మ నా వైపు చూసి, "అలాగా అన్నయ్యా. మంచిదే," అని మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళింది. చాలాసేపటికి గాని రాలేదు. నాకేమీ అర్థం కాలేదు. ట్యాంకు కొలతలు తీసుకుని, ఆ పట్టీలు, హెడ్‌లైటు చుట్టు రింగు విప్పి పట్టుకుని, మంచి పని చేసినవాడిలా ఇంటికొచ్చాను.

డేగల్ని మీనా బిళ్ళల మీద నుంచి మరలు విప్పి విడదీశాను. అరిగిన చోటల్లా కొత్త ఇత్తడి కరిగించి పోశాను. చల్లారాక కదలకుండా లక్కలో బిగించి, మిగిలిన మూడు ఈకల్ని పాఠంలా ముందు పెట్టుకుని చెక్కడం మొదలుపెట్టాను. మా నాన్న సన్న ఉలులు బయటికి తీశాను. మధ్యలో కళ్ళు పీకినప్పుడల్లా బండి పట్టీలు సాపు చేశాను, హెడ్‌లైటు చుట్టుకి తుప్పు గీకి నికెలు పూత వేయించాను. ఒక్కో రెక్కకు పదకొండు ఈకలు. ఆ రోజుల్లో వచ్చిన గిరాకీల్ని తిట్టి పంపేశాను. మా ఆవిడ, "కందకు లేని దురద కత్తిపీటకెందుకు? మొగుడూ పెళ్ళాల గొడవకి మీరు కళ్ళు పోగొట్టుకుంటారా?" అంది. అంటూనే కళ్ళకి ఆముదం రాసింది.

పదిహేనో రోజుకి రెండు డేగలూ లేచాయి. ఇక మెరుగు పెట్టాలి. నా కొట్టులో మెరుగు పెట్టే మోటారు ఉంది, గుడ్డ చక్రంతో గిర్రున తిరుగుతుంది. కుడి డేగను దానికి ఆనించాను. రెండంటే రెండు నిమిషాలు. తీసి చూస్తే దాని ఎడమ రెక్క మీద ఐదు ఈకలు మాయం. మూడు రోజుల పని! ఆవిడ చేతికి ముప్పై ఏళ్ళు పట్టిన అరుగుదల, నా మోటారు రెండు నిమిషాల్లో చేసి పెట్టింది. మోటారుని ఒక్క తన్ను తన్నాను. కాలు వాచింది, మోటారుకేమీ కాలేదు. "నీ చేతులు పడిపోనూ" అని నన్ను నేనే తిట్టుకుని, ఆ మాట చెవిన పడి ఆగిపోయాను.

మళ్ళీ ఇత్తడి పోసి, మళ్ళీ చెక్కి, కుంటుకుంటూ కంచరపాలెం పోయాను.

"చెల్లెమ్మా, నా వల్ల కావడం లేదు. ఈ మెరుగు మీరే పెట్టాలి."

"నా సేతులు పడిపోయాయి కదన్నయ్యా," అంది. నవ్వలేదు.

"అయితే నాకు నేర్పండి."

దానికి కాదనలేకపోయింది. అలా నలభై ఎనిమిదేళ్ళ వయసులో, ఓడ కెప్టెన్లు వచ్చి కొట్టు ముందు నిలబడే నేను, ఆ ఇంటి పెరట్లో నూతి చప్టా మీద చతికిలబడి చింతపండు పిసికాను. ఆవిడ మెట్టు మీద కూర్చుని, చేతులు రెండూ కొంగులో చుట్టుకుని, నోటితోనే పని చేయించింది.

"అంత నీలెందుకన్నయ్యా? పులుసెడతావా ఏటి? గట్టిగా ఉండాల."

"ఇలాగా?"

"అడ్డంగా కాదు, అడ్డంగా కాదు! ఈకెంబడి ఎల్లు. బొటనేలి దిగువ కండతోటి. గోరు తగిలిందంటే ఊరుకోను."

"రుద్దుతూనే ఉన్నాను కదమ్మా!"

"కోపంగా రుద్దతన్నావు. ఇత్తడికి తెలిసిపోద్ది."

ఐదు సాయంత్రాలు రుద్దాను. మూడో రోజుకి నా చెయ్యి దారిలో పడింది. ఐదో రోజున ఆవిడ వంగి చూసి, "ఇప్పుడు ఇత్తడి ఒప్పుకున్నాది," అంది. నా జీవితంలో ఏ కెప్టెను ఇచ్చిన మెప్పూ నాకు అంత తీపిగా అనిపించలేదు. ఆ మెట్టు మీద కూర్చున్న మనిషికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. ఆ ఐదు రోజుల్లో ఆవిడ చెయ్యి కొంగులోంచి ఒక్కసారి కూడా బయటికి రాలేదు. కొట్టుకి తెచ్చి, మూర్తిగారు చెప్పినట్టే మూడు పూతల వార్నిష్ కొట్టి, ఆయుధపూజ ముందురోజు బండికి బిగించి వచ్చాను.

పూజ నాడు పొద్దున్నే నన్నూ మా ఆవిడనూ పిలిచారు. బండిని గోడ పక్క నుంచి తీసి వాకిట్లో నిలబెట్టారు. హెడ్‌లైటుకి బంతిపూల దండ, ట్యాంకుకి పసుపూ కుంకుమా, చక్రాల కింద నిమ్మకాయలు. వీధంతా మూగింది. రెండు రెక్కలూ విప్పి, ఎర్ర మీనా మీద డేగ బంగారంలా వెలిగిపోతోంది. "ఓరి బాబో, ఇది ఎగిరిపోద్దేటి!" అన్నారెవరో. ప్రదర్శనలో నవ్విన వర్క్‌షాపు వాళ్ళు కూడా వచ్చి, నోళ్ళు తెరిచి చూశారు.

మూర్తిగారు మాత్రం ఎవరినీ చూడడం లేదు. గుమ్మంలో నిలబడ్డ భార్యనే చూస్తున్నాడు. తొమ్మిది నెలలుగా ఆయన ఎదురుచూసింది ఈ నిమిషం కోసమే.

"బాగున్నాది," అంది చిలకమ్మ. "అన్నయ్య సేతి పని." అని, స్టీలు పళ్ళెంలో హారతి తెచ్చి, బండికి చూపించి, వెనక్కి వెళ్ళి మళ్ళీ అదే గుమ్మంలో నిలబడింది. చేతులు కొంగు కింద ఉన్నాయి.

మూర్తిగారి ముఖం చూడలేకపోయాను. ఆయన గుమ్మం దాకా నడిచాడు. "ఇంకేటి సెయ్యాలే నాను? నువ్వు పాడు సేసిందేటీ లేదు. సూడు, ఎప్పట్లాగే అయిపోనాది కదా!"

"ఏటీ వొద్దండి," అంది మెల్లగా. "నాకేటీ కోపం లేదు. వార్నిష్ కొట్టించీసినారు కదా. ఇంక దానికి నా సేతుల్తోటి పని లేదు."

నా నెత్తి మీద ఎవరో మొట్టినట్టయింది. ఆ రోజు ఆవిడ మంచినీళ్ళ కోసం అంతసేపు లోపల ఎందుకుండిపోయిందో అప్పుడు తెలిసింది నాకు, మట్టిబుర్రకి. ఆయన ఒకసారి నోటితో పడగొట్టిన చేతుల్ని, నేను మూడు పూతలతో కప్పెట్టాను. కోపం ఆగలేదు.

"మూర్తిగారూ!" అని అరిచాను. "మనిద్దరం కలిసి ఏం చేశామో తెలుస్తోందా? అరిగిందని తిట్టారు మీరు, ఇక అరగదని చెప్పాను నేను. ఇంతకంటే బుద్ధి తక్కువ వెధవలు ఈ విశాఖపట్నంలో ఉంటారా? డేగను బాగు చేయమన్నారు, చేశాను. ఇది మాత్రం నా ఉలికి లొంగదు."

మూర్తిగారు బండిని చూశాడు, భార్యను చూశాడు.

"బావా," అన్నాడు, "ఆ వార్నిష్ తీసీ."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. అందరి ముందరా తిట్టినాను. అందరి ముందరే తీసీ."

ఎదురింటి పెయింటరు దగ్గర నుంచి వార్నిష్ కరిగించే థిన్నరు సీసాడు తెచ్చారు. రెండు డేగల మీదా గుడ్డతో తుడిచాను. పూత జిగురు జిగురుగా ఊడి వచ్చేసింది. ఉత్త ఇత్తడి మిగిలింది. ఈలోగా మూర్తిగారు వంటింట్లో డబ్బాలన్నీ ధడధడలాడించి, గుప్పిట్లో చింతపండు ఉండ పట్టుకుని వచ్చి, ఆవిడ ముందు చెయ్యి చాచాడు.

చిలకమ్మ చింతపండు వంక చూసింది. "నానబెట్టకుండా తెచ్చీసినారేటండీ?" అంది. అనగానే ఆవిడకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే కళ్ళ వెంట నీళ్ళు జలజలా రాలాయి.

"తోమవే సిలకా."

"మళ్ళీ అరిగిపోద్దండి. మళ్ళీ సేపయిపోద్ది."

"అయిపోనీ! అది సేపవడానికి ముప్పై ఏళ్ళు పట్టినాది. మళ్ళీ సేపయిపోయిందంటే, మనిద్దరం ఇంకో ముప్పై ఏళ్ళు ఉన్నట్టే కదే."

కొంగులోంచి రెండు చేతులూ బయటికొచ్చాయి. మా ఆవిడ చెంబుతో నీళ్ళు అందించింది. చిలకమ్మ పూలదండ పక్కకి జరిపి, బండి పక్కన గొంతుక్కూర్చుని, కుడి డేగ రెక్క మీద బొటనవేలు ఆనించింది. నెల రోజులు కళ్ళు పొడుచుకుని, రెండుసార్లు చెక్కిన ఈకలు నావి. వాటి మీద చింతపండు పడుతుంటే, ఒక్క ఈకా మిగలకుండా, ఆ ముప్పై ఏళ్ళూ అరుగుతూనే ఉండాలని అనిపించింది నాకు.